రోమన్ల తలకట్టు కథలు

రోమ్ సెనేట్ జూలియస్ సీజర్‌కు కట్టబెట్టిన గౌరవాలు అన్నీ ఇన్నీ కావు. వాటన్నిటిలోకీ అతడు మహా ఇష్టంగా పుచ్చుకున్నది ఒకటుంది: ఎప్పుడు పడితే అప్పుడు తల మీద లారెల్ ఆకుల దండ పెట్టుకుని తిరిగే హక్కు. అంత ఇష్టం ఎందుకంటే దండ కింద బట్టతల. చక్రవర్తుల జీవిత చరిత్రలు రాసిన సుటోనియస్ ఈ గుట్టు విప్పేశాడు. నడినెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ సీజర్ ముందుకు దువ్వుకునేవాడట. క్రీ.పూ. 46లో గాల్ దేశం మీద గెలుపు పండుగ చేసుకుంటూ రథం మీద ఊరేగుతుంటే, వెనక నడిచే సొంత సైనికులే ‘మీ ఇంటి ఆడవాళ్లు జాగ్రత్త, బట్టతల రసికుడు వచ్చాడు’ అనే అర్థం వచ్చే బూతుపాట ఎత్తుకున్నారు. ఊరేగే సేనాపతిని అతని సైనికులు వెక్కిరించడం అక్కడ ఆచారం. ఆ ఒక్కరోజు ఎవరూ నోరు మూయించకూడదు.

ఇదే సీజర్ వయసులో ఉన్నప్పుడు ఒత్తయిన జుట్టును ఎంత శ్రద్ధగా దిద్దుకునేవాడంటే, అది చూసి మహావక్త సిసిరో లాంటివాడే తికమకపడ్డాడు. క్రాపు చెదరకుండా ఒక్క వేలితో తల గోక్కునే ఈ మనిషి రోమ్ రాజ్యాంగాన్ని కూలదోస్తాడంటే నమ్మబుద్ధి కావడం లేదు అన్నాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. క్రాపు సంగతి ఏమోగానీ రాజ్యాంగం మాత్రం చెదిరింది.

రోమ్‌లో జుట్టు ఎవరి సొంత వ్యవహారమూ కాదు. పెళ్లయిందా, ఇంట్లో చావు జరిగిందా, కోర్టులో కేసు నడుస్తోందా, బానిసా, నిన్నటిదాకా బానిసై ఇవాళ విడుదలయ్యాడా? ఇవన్నీ తల చూసి చెప్పేయగలిగేవారు. ఆ చిహ్నాలూ, వాటి వెనకున్న చేతులూ కలిస్తేనే ఈ కథలు.

బట్టతల చక్రవర్తులు

డొమిషియన్ చక్రవర్తికి జుట్టు ఊడిపోయింది. అతని ఎదుట ఇంకెవరి బట్టతల గురించి నవ్వులాటకు మాట్లాడినా తనను అన్నట్టే ఉడుక్కునేవాడు. అలాంటివాడు జుట్టు సంరక్షణ మీద ఏకంగా పుస్తకం రాశాడు! తనలాగే జుట్టు పోయిన స్నేహితుడికి దాన్ని అంకితమిచ్చాడు. పుస్తకం పోయింది, శిల్పాలు మిగిలాయి. ఆ శిల్పాల్లో డొమిషియన్‌కు నిండుగా, అలలు అలలుగా జుట్టు. రాజుగారి తల చూసి చెక్కాలా, మనసు చూసి చెక్కాలా అన్న విషయంలో రోమన్ శిల్పులకు సందేహం ఉండేది కాదు.

కాలిగులా దగ్గర వ్యవహారం ఇంకా ప్రమాదకరం. అతడు వెళ్తుంటే ఎత్తు మీద నుంచి కిందికి చూడడం ప్రాణాంతకమైన నేరం, ఎందుకంటే నడినెత్తిన ఖాళీ కనబడుతుంది. ఒళ్లంతా వెంట్రుకలే కాబట్టి అతని ఎదుట మేక మాట ఎత్తినా నేరమే. జుట్టు బాగున్న అందగాళ్లు ఎదురుపడితే తల వెనక భాగం గొరిగించేసేవాడట.

క్రీ.శ. 69లో మూడు నెలలు మాత్రమే ఏలిన ఒథో తెలివైనవాడు. అతని విగ్గు ఎంత బాగా అమరిందంటే అది విగ్గని ఎవరూ పోల్చుకోలేకపోయారు. గడ్డం రాకుండా ఉండాలని చిన్నప్పటి నుంచే మొహానికి తడిపిన రొట్టె పట్టించుకునేవాడని కూడా సుటోనియస్ చెబుతాడు. ఫలితం ఏమైనా వచ్చిందో లేదో చెప్పలేదు గానీ రోజూ గడ్డం గీయించుకునేవాడన్నాడు. సమాధానం అందులోనే ఉంది.

కత్తి కింద మెడ

రోమన్లు మొదట్లో గడ్డాల మనుషులే. పండితుడు వారో లెక్క ప్రకారం తొలి క్షురకులు సిసిలీ నుంచి ఇటలీకి వచ్చింది క్రీ.పూ. 300లో. పబ్లియస్ టిటినియస్ మేనా అనే అతడు వెంటబెట్టుకొచ్చాడు. రోజూ గడ్డం గీయించుకునే అలవాటు మొదలుపెట్టినవాడు కార్తేజ్‌ను నేలమట్టం చేసిన సిపియో ఎమిలియానస్ అని పెద్ద ప్లినీ అనే రచయిత రాశాడు. అక్కడి నుంచి దాదాపు 250 ఏళ్లపాటు నున్నటి చెంపలే పెద్దమనిషి లక్షణం.

ఆ నునుపు వెనక ఎంత బాధ ఉందో చూడండి. సబ్బు నురుగు లేదు, నీళ్లతో తడిపి గీయడమే. ఇనుప కత్తి ఎంత నూరినా త్వరగా మొండిబారేది. కత్తెర అంటే ఒకే ఇనుప బద్దను వంచి రెండు అంచులు చేసినది, అందుకే క్రాపులో మెట్లు పడేవి. మార్షల్ అనే కవి ఆంటియోకస్ అనే క్షురకుడి మీద కసి తీర్చుకున్నాడు. తన గడ్డం మీది గాట్లన్నీ వాడి చలవేననీ, లోకంలో తెలివైన ప్రాణి మేకపోతు ఒక్కటేననీ, గడ్డం పెంచుకుని వాడి చేతికి చిక్కకుండా బతుకుతోందనీ వాపోయాడు. యూట్రపేలస్ అనే ఇంకో క్షురకుడు మరీ నిదానమట. ఒక చెంప ముగించి రెండో చెంపకు వచ్చేసరికి మొదటి చెంప మీద మళ్లీ గడ్డం మొలిచేదట. కత్తి గాటుకు మందు కూడా ప్లినీ చెప్పాడు: నూనె, వెనిగర్‌లో తడిపిన సాలెగూడు.

అగస్టస్ చక్రవర్తికి అంత ఓపిక లేదు. ఇద్దరు ముగ్గురు క్షురకులను ఒకేసారి తల మీదికి తోలి, వాళ్లు కత్తిరిస్తుంటే తాను చదువుకుంటూనో రాసుకుంటూనో కూర్చునేవాడు. కమొడస్ చక్రవర్తికి మెడ దగ్గర కత్తి అంటేనే భయం. అందుకని జుట్టునూ గడ్డాన్నీ నిప్పుతో కాల్చుకునేవాడని అతని చరిత్రలో ఉంది. ఆ భయం దండగైంది. 192 చివరి రోజున స్నానశాలలో ఒక మల్లయోధుడు గొంతు పిసికి చంపేశాడు.

రేట్లు కావాలా? క్రీ.శ. 301లో డయొక్లీషియన్ చక్రవర్తి సామ్రాజ్యమంతటా ధరలు కట్టడి చేస్తూ రాళ్ల మీద చెక్కించిన పట్టికలో క్షురకుడికి మనిషికి 2 దినారాలు. దాని దగ్గర్లోనే గొర్రెల బొచ్చు కత్తిరించేవాడి కూలీ ఉంది. గొర్రెకు 2 దినారాలు, పైగా భోజనం. గొర్రె దగ్గరే లాభం ఎక్కువ.

మొదటి గడ్డం మొక్కు

కుర్రవాడికి తొలిసారి గడ్డం గీయడం ఇంటిల్లిపాదికీ పండుగ. మన ఇళ్లలో పుట్టువెంట్రుకలు దేవుడికి ఇచ్చినట్టే ఆ గడ్డాన్ని దేవతలకు ఇచ్చేవారు. ఆక్టేవియన్, అంటే ముందు ముందు అగస్టస్ అయ్యేవాడు, క్రీ.పూ. 39లో తన మొదటి గడ్డం గీయించుకుని ఊరంతటికీ విందు పెట్టాడు. నీరో చక్రవర్తి తన గడ్డాన్ని బంగారు భరిణెలో పెట్టి, దానికి విలువైన ముత్యాలు పొదిగించి, కాపిటోలియం కొండ మీద జూపిటర్ గుడిలో సమర్పించాడు. జుట్టు మొక్కు పెద్దయ్యాక కూడా ఉండేది. డొమిషియన్ అంతఃపురంలోని నపుంసక బానిస ఎయరీనస్ తన కురులను రత్నాలు పొదిగిన బంగారు పెట్టెలో, అద్దంతో సహా సముద్రం దాటించి పెర్గమమ్‌లోని వైద్యదేవత ఆస్క్లేపియస్ గుడికి పంపాడు. ఆ పెట్టె ప్రయాణం మీద స్టేషియస్ అనే కవి పద్యమే రాశాడు.

గడ్డం తిరిగి గౌరవం సంపాదించింది హేడ్రియన్ కాలంలో, 117 తర్వాత. మొహం మీది మచ్చలు కప్పుకోవడానికి పెంచాడని ఒక చరిత్ర, గ్రీకు సంస్కృతి మీద మోజని ఇప్పటి చరిత్రకారుల మాట. ఏదైతేనేం, చక్రవర్తి పెంచాడు కాబట్టి సామ్రాజ్యం పెంచింది. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ మళ్లీ గీయించాడు. ఆ తర్వాత వచ్చిన జూలియన్ తత్వవేత్తలా గడ్డం పెంచితే ఆంటియోక్ నగరం జనం ఎగతాళి చేశారు. అతడు వాళ్ల తలలు నరికించలేదు. 363లో తన గడ్డం మీద తానే వ్యంగ్యం రాసి ఊళ్లో ప్రకటించాడు. ఇలాంటి రాజులు చరిత్రలో తక్కువ.

కొప్పును బట్టి కాలం

పురావస్తు శాఖ వాళ్లకు పేరు లేని రోమన్ స్త్రీ పాలరాతి తల దొరికితే మొదట చూసేది ముక్కూ మొహమూ కాదు, కొప్పు. అగస్టస్ భార్య లివియా నుదుటి పైన చిన్న ముడి చుట్టి, మిగతాది వెనక్కి లాగి కట్టేది. పొదుపైన, మర్యాదైన తీరు. వందేళ్లు గడిచేసరికి, డొమిషియన్ కాలానికి, నుదుటి మీద ఉంగరాల జుట్టు గోడలా లేచింది. రోమ్‌లోని కాపిటోలిన్ మ్యూజియంలో ‘ఫోన్సేకా శిల్పం’ అనే తల ఒకటుంది. శిల్పి బర్మా పెట్టి ఒక్కో ఉంగరం మధ్యా రంధ్రం తొలిచాడు. వ్యంగ్య కవి జువెనల్ ఇలాంటి కొప్పుల్ని వెక్కిరించాడు: అంతస్తుల మీద అంతస్తులు కట్టిన ఆ జుట్టుతో ఎదురుగా చూస్తే ఇతిహాసాల్లోని ఆండ్రోమకీ అంత మనిషి, వెనక్కి వెళ్లి చూస్తే పొట్టిది, ఇంకెవరో అనుకుంటాం అని. ట్రాజన్ చక్రవర్తి కాలంలో కిరీటాల్లాంటి అట్టలు కట్టిన జుట్టు. రాణి పెద్ద ఫౌస్టినా జడలన్నీ నడినెత్తికి చుట్టేసింది. ఆమె కూతురు చిన్న ఫౌస్టినా అలల జుట్టును మెడ మీదికి దించేసింది. మూడో శతాబ్దం వాకిట్లో సిరియా నుంచి వచ్చిన రాణి జూలియా డోమ్నా, శిరస్త్రాణం బోర్లించినట్టు చెవులు మూసే బరువైన జుట్టుతో కనబడుతుంది. అది విగ్గే అని చాలామంది అనుమానం.

ఈ ఫ్యాషన్లు ఊరూరికీ పాకింది నాణేల మీద. రాణి బొమ్మ పక్క నుంచి ఉంటుంది కాబట్టి కొప్పు స్పష్టంగా కనబడుతుంది. మన పల్నాటి వినుకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేలు చక్రవర్తులు టైబీరియస్ నుంచి కారకల్లా దాకా, అంటే దాదాపు రెండు వందల ఏళ్ల కాలానివి. రోమ్‌లో ఎవరి తల ఎలా ఉందో చూడడానికి కృష్ణా తీరం వాళ్లకు రోమ్ దాకా వెళ్లే పని లేకపోయింది.

కొన్ని శిల్పాలకు జుట్టును వేరే రాతిలో చెక్కి టోపీలా తగిలించారు. ఫ్యాషన్ మారినప్పుడల్లా రాతి విగ్గు మార్చుకోవడానికని గైడ్లు చెప్పే కథ అందంగానే ఉంటుంది. పండితులంతా ఒప్పుకోరు.

సూదీ దారం

2001లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జేనెట్ స్టీఫెన్స్ అనే హెయిర్ డ్రెస్సర్ వాల్టర్స్ మ్యూజియానికి వెళ్లింది. అక్కడ జూలియా డోమ్నా తల గోడకు ఆనించి లేదు, చుట్టూ తిరిగి చూడొచ్చు. ఆమె వెనక వైపు చూసింది. వృత్తి తెలిసిన కన్ను కదా, ఇది కట్టగలిగిన జుట్టే అనిపించి, ఇంటికెళ్లి కట్టబోతే నిలబడలేదు. పిన్నులు ఎన్ని గుచ్చినా జారిపోయింది. పండితులు ఇలాంటి కొప్పులన్నీ పిన్నులతో నిలిచాయనో, విగ్గులనో తేల్చేసి ఊరుకున్నారు. లాటిన్ గ్రంథాల్లో పిన్ను అని అర్థం చెప్పుకుంటున్న చోట నిజంగా సూది అనే రాసి ఉందని ఆమెకు తట్టింది. పిన్నుకూ సూదికీ లాటిన్‌లో మాట ఒకటే. మొద్దు సూదిలో దారం ఎక్కించి జడల్ని ఒకదానికొకటి కుట్టేస్తే కొప్పు కదలకుండా నిలబడింది! ఈ సంగతి 2008లో రోమన్ పురావస్తు పరిశోధనల పత్రికలో వ్యాసంగా అచ్చయింది. పట్టాలున్న పండితులకు దొరకని ముడి పార్లర్‌లో పనిచేసిన చేతికి దొరికింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చిన ముచ్చట ఇదే.

ఆ చేతులు ఎవరివి

కుట్టిన ఆ చేతులు బానిస స్త్రీలవి. పెద్దింట్లో జుట్టు కట్టడానికే ప్రత్యేకంగా ఒక బానిస, ఒక్కోసారి నలుగురైదుగురు. సమాధి రాళ్ల మీద తమ వృత్తి చెక్కించుకున్న వాళ్లు కొందరున్నారు, అందుకే పేర్లు తెలిశాయి. ఒకావిడ వీలునామాలో ‘నా జుట్టు కట్టే బానిసలను ఫలానా వాళ్లకు ఇవ్వాలి’ అని రాస్తే, కేవలం రెండు నెలలు పని నేర్చుకున్న పిల్ల ఆ లెక్కలోకి వస్తుందా రాదా అని రోమన్ న్యాయవేత్తలు వాదించుకున్నారు. రాదని సెల్సస్ అన్నాడు. అలాగైతే ఎవరూ రారు, ఎందుకంటే ఈ విద్యలో ఇంకా నేర్చుకోవలసింది ఎప్పుడూ ఉంటుంది అని ఎదుటిపక్షం. బానిస పనితనానికి రోమన్ చట్టం ఇచ్చిన మెచ్చుకోలు ఇది. అదీ ఆస్తి పంపకం సందర్భంలో.

మెచ్చుకోలు ఇలా ఉంటే జీతం ఎలా ఉందో మార్షల్ చెప్పాడు. లాలగే అనే ఆమె కొప్పులో ఒక్క ఉంగరం సరిగ్గా నిలవలేదు. ఆ సంగతి చూపించిన అద్దం తీసుకునే ఆమె ప్లెకూసా అనే బానిసను కొట్టింది. ఉంగరాలు తిప్పే సాధనం బోలు ఇనుప గొట్టం, బొగ్గుల్లో కాల్చేవారు. వేడి చూసుకునేదీ బానిసే, మాడితే తిట్లు తినేదీ బానిసే.

రంగులూ కాల్పులూ మరీ ఎక్కువై ప్రియురాలి జుట్టు ఊడిపోతే కవి ఓవిడ్ ఓదార్పుకు బదులు పాఠం చెప్పాడు: ఇక జర్మనీ బందీల జుట్టు పెట్టుకో, జనం పొగిడితే సిగ్గుపడు, ఆ పొగడ్త నీది కాదు, ఎవరో ముక్కూమొహం తెలియని అడవి జాతి ఆడమనిషిది! సవరాల దుకాణాలు రోమ్‌లో హెర్క్యులిస్ గుడి ఎదుటే ఉండేవి, దాచుకోకుండానే కొనుక్కునేవారు. ప్రియుడు హఠాత్తుగా వచ్చాడని కబురందగానే కంగారులో విగ్గు వెనక్కి ముందుకు పెట్టేసుకున్న ఒకావిడ కథ కూడా ఓవిడే చెప్పాడు. సవరం మీద టెర్టులియన్ అనే క్రైస్తవ రచయిత అభ్యంతరం వేరు. ఆ జుట్టు నరకానికి పోవలసిన ఏ పాపిదో, దాన్ని పవిత్రమైన తల మీద ఎలా మోస్తారు అని.

పసుపు జుట్టు జర్మనీ నుంచి వస్తే నల్లజుట్టు? రెండో శతాబ్దం చివర్లో తూర్పు నుంచి వచ్చే సరుకుల మీద రోమ్ వేసిన సుంకాల జాబితా ఒకటి జస్టీనియన్ ధర్మశాస్త్ర సంకలనంలో భద్రంగా ఉంది. అల్లం, పిప్పళ్లు, పట్టు, సింహాలు, నపుంసక బానిసల మధ్య ‘ఇండియా వెంట్రుకలు’ అనే పద్దు ఉంది. ఇవాళ తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది, అవి సవరాలుగా మారి ఇటలీ దాకా వెళ్తాయి. ఈ వ్యాపారానికి ఎంత పాత చిరునామా ఉందో చూశారా.

జలగల రసం

తెల్లజుట్టు అగస్టస్ ఇంట్లోనూ బాధ పెట్టింది. కూతురు జూలియాకు చిన్నవయసులోనే నెరిస్తే బానిసల చేత పీకించుకునేది. ఒకరోజు అగస్టస్ ఉన్నట్టుండి వచ్చి బట్టల మీద రాలిన తెల్లవెంట్రుకలు చూసి, చూడనట్టు వేరే మాటలు మాట్లాడి, నెమ్మదిగా అడిగాడు: పెద్దయ్యాక నెరిసిన జుట్టు కావాలా, బట్టతల కావాలా? నెరిసినా ఫర్వాలేదు నాన్నా అంది. మరి వీళ్లంతా నిన్ను ఇప్పట్నించే బట్టతల చేస్తున్నారేం?

పీకడం ఇష్టం లేనివాళ్లకు ప్లినీ రంగు చెప్పాడు. జలగల్ని వెనిగర్‌లో వేసి సీసపు పాత్రలో 60 రోజులు కుళ్లబెట్టి, ఎండలో కూర్చుని తలకు పట్టించాలి. ఎంత గాఢమైన నలుపంటే, పట్టించేటప్పుడు నోట్లో నూనె పోసుకుని ఉండకపోతే పళ్లు కూడా నల్లబడతాయట. నవ్వడానికి తొందరపడకండి, సీసం మాట అబద్ధం కాదు. గ్రీకు, రోమన్ కాలం నుంచి తెలిసిన సీసపు ఆక్సైడ్, సున్నం కలిపిన ముద్దను ప్యారిస్ శాస్త్రవేత్తలు 2006లో వెంట్రుకలకు పట్టించి చూశారు. సీసం వెంట్రుకలోని గంధకంతో కలిసి, లోపలే 5 నానోమీటర్ల సైజు నల్లటి స్ఫటికాలు కట్టింది. అయితే సీసం విషం, ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

ఎర్రబరచడానికి గాల్ ప్రజలు కొవ్వు, బూడిద కలిపి చేసే ముద్ద దిగుమతయ్యేది. సబ్బుకు పూర్వీకురాలు అదే, కానీ రోమన్లు మొదట ఎరిగింది జుట్టు రంగుగానే. నీరో తన భార్య పొపేయా జుట్టును అంబర్‌తో పోల్చి పద్యం రాశాడు. అంతే, రోమ్ ఇల్లాళ్లందరికీ అదే రంగు కావాల్సి వచ్చింది.

ఈటెతో పాపిట

పెళ్లికూతురికి పాపిట తీసేది దువ్వెనతో కాదు, ఈటె మొనతో. చచ్చిన గ్లాడియేటర్ ఒంట్లో దిగిన ఈటె అయితే ఇంకా శ్రేష్ఠమని ఒక రోమన్ నిఘంటుకారుడు రాశాడు. ఎందుకో రోమన్లకే సరిగ్గా తెలియదు. రోమ్ తొలి పెళ్లిళ్లు పొరుగు జాతి సబైన్ స్త్రీలను ఎత్తుకొచ్చి చేసుకున్నవి, ఆ గుర్తు అని ప్లూటార్క్ ఒక ఊహ చేశాడు. జుట్టును ఆరు పాయలు చేసి అల్లి, పైన నిప్పు రంగు మేలిముసుగు కప్పేవారు.

ఆ ఆరు పాయల జడ ఇంకొందరికి మాత్రమే ఉండేది: వెస్టా దేవత గుడిలో అఖండాగ్నిని కాపాడే కన్యలకు. ముప్ఫై ఏళ్లు పెళ్లి చేసుకోకూడని వాళ్లకు రోజూ పెళ్లికూతురి జడ! సేవలో చేరినప్పుడు తీసిన వాళ్ల జుట్టును ఒక ముసలి చెట్టుకు కట్టేవారు. ప్లినీ నాటికే ఆ చెట్టు వయసు ఐదు వందల ఏళ్ల పైమాట.

ముసుగు, టోపీ, దండ

గైయస్ సల్పీషియస్ గాలస్ చదువుకున్న మనిషి. క్రీ.పూ. 168లో పిడ్నా యుద్ధానికి ముందు చంద్రగ్రహణం వస్తే సైనికులకు కారణం వివరించి భయం పోగొట్టాడని పేరు. గ్రహణాన్ని అర్థం చేసుకున్న ఆ పెద్దమనిషి, భార్య ముసుగు లేకుండా వీధిలోకి వెళ్లిందని విడాకులిచ్చాడు.

దేవుడి ఎదుట మగవాళ్లు కూడా ముసుగేసుకునేవారు. గ్రీకులు తల కప్పుకోకుండా బలి ఇస్తే రోమన్లు టోగా కొంగు తల మీదికి లాక్కునేవారు. జూపిటర్ ప్రధాన పూజారి తెల్లటి తోలు టోపీ లేకుండా ఆరుబయట అడుగు పెట్టకూడదు. అతని జుట్టు బానిస కత్తిరించకూడదు, స్వతంత్రుడే కత్తిరించాలి, అదీ కంచు కత్తితో. రాలిన వెంట్రుకలూ గోళ్లూ మంచి చెట్టు కింద పాతిపెట్టాలి. బలి ఇస్తుండగా టోపీ తల మీంచి జారిపడిందని సల్పీషియస్ అనే పూజారికి పదవే ఊడిపోయింది.

అన్ని టోపీల్లోకీ బలమైనది మాత్రం చవకబారు ఉన్నిటోపీ, పిలియస్. విడుదలైన బానిస తల గొరిగించుకుని దాన్ని పెట్టుకునేవాడు. క్రీ.పూ. 201లో ముందు తరం సిపియో ఒకడు కార్తేజ్ మీద గెలిచి ఊరేగుతుంటే, ఆ ఊళ్లో బందీగా ఉండి విడుదలైన సెనేటర్ టెరెన్షియస్ కూలియో ఈ టోపీ పెట్టుకుని రథం వెనక నడిచాడు. బిథీనియా రాజు ప్రూసియస్ అయితే రోమ్ రాయబారుల ఎదుటికి గుండుతో, ఈ టోపీతో వచ్చి ‘నేను మీరు విడిపించిన బానిసను’ అన్నాడు. చరిత్రకారుడు పొలిబియస్ అసహ్యించుకున్నాడు. సీజర్‌ను పొడిచిన బ్రూటస్ క్రీ.పూ. 42 ప్రాంతంలో ముద్రించిన నాణెం మీద రెండు కత్తులు, వాటి మధ్య ఇదే టోపీ. నీరో చచ్చాడని తెలియగానే జనం ఈ టోపీలు పెట్టుకుని వీధుల్లో పరుగులు తీశారు. ఇంత గొప్ప టోపీకి ఇంకో వాడకం ఉంది. బానిసల సంతలో ఎవడి తల మీద ఇది పెడితే వాడికి అమ్మకందారు పూచీ లేదని అర్థం. యుద్ధంలో పట్టుబడి అమ్ముడయ్యేవాళ్లకు పూలదండ.

దండల్లో గొప్పది బంగారుది కాదు, గడ్డిది. ముట్టడిలో చిక్కిన సైన్యాన్ని కాపాడినవాడికి, ఆ ముట్టడి జరిగిన నేల మీద మొలిచిన గడ్డి పీకి, కాపాడబడ్డవాళ్లే అల్లి ఇచ్చేవారు. తోటి పౌరుడి ప్రాణం కాపాడితే ఓక్ ఆకుల దండ. అది పెట్టుకుని ఆటల ప్రదర్శనకు వస్తే సెనేటర్లు సైతం లేచి నిలబడేవారు. అనవసరంగా దండ పెట్టుకుంటే? కార్తేజ్ సేనాని హానిబల్‌తో యుద్ధం నడుస్తుండగా లూషియస్ ఫుల్వియస్ అనే వడ్డీ వ్యాపారి పట్టపగలు గులాబీల దండతో తన దుకాణం మేడ మీద నుంచి ఫోరమ్ కూడలిలోకి తొంగిచూశాడు. యుద్ధం ముగిసేదాకా జైల్లో పెట్టారు.

ఎండకు టోపీ పెట్టుకోవడం మాత్రం పెద్దగా అలవాటు లేదు. ఎండ గిట్టని అగస్టస్ తన ఇంటి ఆవరణలో కూడా వెడల్పు అంచు టోపీతో తిరిగేవాడు. నాటకశాలలో సెనేటర్లు అలాంటి టోపీ పెట్టుకోవచ్చని అనుమతి ఇచ్చింది ఎవరనుకున్నారు? కాలిగులా.

కత్తిరించకూడని రోజులు

టైబీరియస్ చక్రవర్తి అమావాస్య చూసుకుని క్షవరం చేయించుకునేవాడు. పౌర్ణమి వెళ్లగానే కత్తిరిస్తే బట్టతల రాదని వారో నమ్మకం. ఓడ మీద వెంట్రుకలు గానీ గోళ్లు గానీ కత్తిరించడం అపశకునం, ఎందుకంటే మునిగిపోయే ముందు చివరి మొక్కుగా చేసే పని అది. దుఃఖంలో మగవాళ్లు జుట్టూ గడ్డమూ పెంచేవారు. క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో మూడు దళాలు తుడిచిపెట్టుకుపోయాయని తెలిశాక అగస్టస్ నెలల తరబడి కత్తి తాకనివ్వలేదు. తల్లిదండ్రుల శవయాత్రలో కొడుకులు ముసుగేసుకుంటారు, కూతుళ్లు ముసుగు తీసి జుట్టు విరబోసుకుంటారు. మామూలు రోజుల్లో ఉండే తీరుకు సరిగ్గా తలకిందులు.

కోర్టు ముద్దాయి కూడా జాలి పుట్టడానికి జుట్టు పెంచుకుని తిరిగేవాడు. ఇది తెలిస్తేనే చిన్న ప్లినీ ఉత్తరాల్లోని దయ్యం కథ అర్థమవుతుంది. అతని ఇంట్లో ఒకడికి కలలో ఎవరో మంచం మీద కూర్చుని కత్తెరతో జుట్టు కత్తిరించినట్టు అనిపించింది. తెల్లారి చూస్తే నడినెత్తి బోడి, వెంట్రుకలు నేల మీద. కొన్నాళ్లకు ఒక బానిస పిల్లవాడికీ అలాగే జరిగింది. తెల్లబట్టల వాళ్లిద్దరు కిటికీలోంచి వచ్చి కత్తిరించి వెళ్లారట. 96లో డొమిషియన్ హత్య జరిగాక అతని కాగితాల్లో ప్లినీ మీద రాసిన ఫిర్యాదు బయటపడింది. ముద్దాయిలు జుట్టు పెంచుతారు, మా వాళ్ల జుట్టు తెగింది, అంటే నా గండం తెగిందన్నమాట అని ప్లినీ తేల్చుకున్నాడు. ఇల్లంతా పిల్ల బానిసలున్న చోట కత్తెర ఎవరి చేతిలో ఉందో వెతకాలని అతనికి తోచినట్టు లేదు.

పొడవాటి జుట్టు

రోమన్లు ఆల్ప్స్ అవతలి గాల్‌కు పెట్టిన పేరే ‘జుట్టు పెంచిన గాల్’. పొడవాటి జుట్టు అంటే నాగరికత లేనివాడు, శత్రువు. ఐదో శతాబ్దానికి అలాంటి శత్రువులే రోమన్ సైన్యంలో పెద్ద భాగం, వాళ్ల జుట్టూ తోలు కోట్లూ రోమ్ నగరంలో కుర్రకారు ఫ్యాషన్. 416లో హొనోరియస్ చక్రవర్తి పేరిట చట్టం వచ్చింది: రోమ్ నగరం లోపల ఎవరూ జుట్టు పొడవుగా పెంచకూడదు, తోలు బట్టలు కట్టకూడదు, బానిసలకు కూడా ఇదే వర్తిస్తుంది, మీరిన బానిసను సర్కారు పనుల్లో పెడతారు. అప్పటికి ఆ జాతుల్లో ఒకటైన గోత్‌లు రోమ్‌లోకి చొరబడి మూడు రోజులు దోచుకుని ఆరేళ్లయింది.